సాంబ్రాణి పొగ సంగతి

మా శ్రీలేఖ గొంతులోంచి పది గంటలకి గొట్టం తీసేస్తామని డాక్టరుగారు పొద్దున్నే చెప్పారు. ఏడు నెలల పిల్ల. గుండెలో రంధ్రం మూసి మూడు రోజులైంది. అప్పట్నుంచీ మిషనే ఆ గొట్టంలోంచి దానికి ఊపిరి అందిస్తోంది. ఇక సొంతంగా పీల్చుకోవాలి. పీల్చుకోలేకపోతే మళ్ళీ గొట్టమే. మా ఆయన గంగరాజు సంబరం పట్టలేక విజయవాడ నుంచి మంగినపూడిలో మావాళ్ళందరికీ ఫోన్లు చేసేశాడు. నేను మాత్రం మంచి మాట విన్నా ముందు భయపడే రకాన్ని.

ఈసారి భయానికి కారణం కూడా ఉంది. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతారా, కట్టెల పొయ్యి ఉందా అని ఆసుపత్రిలో ముందే అడిగారు. లేదండీ, గ్యాసే అన్నాను. కఫం పట్టిందని ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసినప్పుడూ అదే చెప్పాను. కానీ రోజూ నీళ్ళు పోశాక మా అత్తయ్య సత్యవతమ్మ కుంపట్లో సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి, పిల్లని దాని మీద పడుకోబెట్టేది. జలుబు చేస్తే ఇంకో గుప్పెడు. బిడ్డకి మంచి చేసేదాన్ని పొగ కింద లెక్కెయ్యాలని నాకు తట్టనే లేదు. ఇక్కడ పిల్లల ఊపిరి చూసుకునేది విల్సన్ గారు. నిన్న ఆయన పక్క మంచం వాళ్ళకి, పసిపిల్లలున్న ఇంట్లో అగరొత్తులు కూడా వద్దని చెబుతుంటే విన్నాను. రాత్రంతా కన్ను మూతపడలేదు.

చెబితే తిడతారు. చెప్పకుండా పిల్లకేమన్నా అయితే?

తొమ్మిదిన్నరకి విల్సన్ గారు గొట్టంలో సన్నటి పైపు వేసి కఫం లాగేదాకా ఆగి, అంతా చెప్పేశాను.

"ఎన్నాళ్ళు వేశారమ్మా?"

"పుట్టిన పదకొండో రోజు నుంచీ ఇక్కడికి బయల్దేరిన రోజు దాకా అండీ."

ఆయన తిట్టలేదు. "చెప్పి మంచిపని చేశారు. ఆ పొగకి గొంతు లోపల వాచి ఉండొచ్చు. వాపు తగ్గడానికి మందిచ్చి మధ్యాహ్నం తీద్దాం" అని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయనా సరేనన్నారు.

మా ఆయన మాత్రం నన్ను దెప్పాడు. ఊరంతటికీ పది గంటలని చెప్పాడట, ఇప్పుడు తననేమనుకుంటారట.

రెండున్నరకి గొట్టం తీశారు. పిల్ల నోరు బారెడు తెరిచింది. మొహం ఎర్రబడింది, కన్నీళ్ళు కారాయి. చప్పుడు మాత్రం లేదు. అయిపోయింది, నా పిల్ల గొంతు పోయింది అనుకున్నాను.

విల్సన్ గారు దాని మొహానికి ఆక్సిజన్ పెడుతూ, "గొట్టం వల్ల గొంతు రెండ్రోజులు అలాగే ఉంటుందమ్మా. మీరు నోరు చూడకండి, పొట్ట చూడండి" అన్నారు.

చూశాను. లేస్తోంది, పడుతోంది. మళ్ళీ లేస్తోంది. ఏ మిషనూ తోడు లేకుండా నా కూతురు తనంతట తానే పీల్చుకుంటోంది. నాకు తెలీకుండానే నేనూ దాంతోపాటే పీలుస్తున్నాను. గాజుతలుపు అవతల మా ఆయన రెండు చేతులూ ఎత్తి ఏమిటని సైగ చేస్తే, నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూపించాను. నాకు ఆకలేస్తోందని ఆయనకి అర్థమైందట, పరిగెత్తి ఇడ్లీ పొట్లం తెచ్చాడు.

అయిదింటికి గొంతు కాస్త పెగిలింది. బొంగురుగా, పిల్లి కూన అరిచినట్టు. అత్తయ్యకి ఫోన్లో వినిపించి, ఇక సాంబ్రాణి వద్దన్నారని చెప్పాను.

"నీ మొగుడికి రెండేళ్ళు వేశానే. వాడికేమైంది?" అంది.

ఫోను పిల్ల దగ్గరే ఉంచాను. అది మళ్ళీ అలాగే ఏడ్చింది.

"ఆ కుంపటి పక్కింటి అమ్మాజీకి ఇచ్చేస్తాలే" అంది అత్తయ్య. అని మళ్ళీ తనే, "వద్దులే, దాని కోడలికి నెలలు నిండాయి" అంది.