చెమట పట్టే కుండీ

నేను ఒక మట్టి కుండీని. పింగాణీ కుండీకున్న నునుపు నాకు లేదు, ప్లాస్టిక్ కుండీకున్న ఆయుష్షూ లేదు. నాకున్నదల్లా చెమట. మాచర్ల ఎండల్లో మనుషులు విసుక్కునే ఆ చెమటే నా విద్య. లోపలి తడి నా ఒంట్లోంచి బయటికి ఊరి, గాలికి ఆరుతూ ఉంటే, నాలోని వేళ్ళు చల్లగా ఉంటాయి.

హైమావతి ఆ సంగతి తెలిసిన మనిషి. సంతలో కుమ్మరి అవ్వ ఎన్ని కుండీలు చూపించినా, ఒక్కొక్కదాని మీద నీటిచుక్క వేసి, అది ఇంకుతుందో లేదో చూసి మరీ నన్ను తీసుకుంది. పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడపడే తూర్పు అరుగు మీద పెట్టి, నాటు గులాబీ కొమ్మ గుచ్చింది. తెల్లారేసరికి నీళ్ళు, మట్టి మీద వేరుశనగ పొట్టు, వైశాఖం వస్తే నా చుట్టూ తడి గోనెపట్టా. ఎండాకాలంలో మొగ్గ కనిపిస్తే తుంచేసేది. "ఇప్పుడు దాన్ని పూలడగకూడదు. బతికుంటే అదే పదివేలు" అనేది.

ఆమె భర్త చెన్నకేశవులు లారీలకు రంగులేసేవాడు. లారీల వెనక అతను వేసిన గులాబీలు బొంబాయి దాకా పోయొచ్చేవి. "నా గులాబీకి నీళ్ళొద్దు, నీడొద్దు. ఎట్టా నవ్వుతుందో చూడు!" అని ఆటపట్టించేవాడు.

"వాసన చూపించు మరి" అనేది ఆమె. అతను నవ్వుతూ కుంచె అందుకునేవాడు.

ఒక వేసవిలో ఆమెకు రక్తం తగ్గిపోయే జబ్బు చేసింది. చెల్లెలు నాగరత్నాన్ని తోడు తీసుకుని గుంటూరు ఆసుపత్రికి బయలుదేరుతూ అరుగు మీద ఆగింది. "చెట్టు జాగ్రత్తయ్యా. నేనొచ్చేసరికి ఉండాలి" అంది. అతను దాన్ని మొక్కుగా పట్టుకున్నాడు. చెట్టు బతికితే హైమ బతుకుతుందని అతని మనసులో పడిపోయింది. పాపం, మనుషులు మోయలేని బరువులన్నీ తెచ్చి మట్టి కుండీల్లో పెడతారు.

గోనెపట్టా తడపడం ఒక్క పూటా మానలేదు. వచ్చేవారం ఆమె ఇంటికొస్తుందని కబురు రాగానే అతని కాలు నేల మీద నిలవలేదు. చిరుగుల గోనె దరిద్రంగా కనిపించింది. విప్పి పారేసి, లారీలకు వేసే పచ్చ ఎనామిల్ రంగు నాకు రెండు పూతలు పూసి, చుట్టూ ఎర్ర గులాబీలు వేశాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ వేసి ఉండడు.

నాకు ఊపిరాడలేదు. చెమట లోపలే ఉండిపోయింది. రంగు ఎండకు కాగి, లోపల వేళ్ళు ఉడికాయి. ఆకులు వాలితే దాహమేమోనని అతను ఇంకా నీళ్ళు పోశాడు. వద్దని చెప్పే నోరు మట్టికి లేదు. ఆమె బస్సు దిగేనాటికి నాలో ఎండు పుల్లలు మిగిలాయి.

సగమై వచ్చిన హైమావతి నా మీద అరచెయ్యి ఆనించింది. చెమ్మ లేదు, నిప్పులా ఉన్నాను. ఆమెకు అంతా తెలిసిపోయింది.

"రెండు పూటలా పోశానే నీళ్ళు..." అన్నాడు అతను.

"ఈ ఏడు ఎండలు అట్టాంటియ్యి. నువ్వేం జేస్తావు? పూలు ఎంత బాగా ఏశావయ్యా!" అంది.

వానలు పడకముందే ఆమె వెళ్ళిపోయింది.

కార్తీకంలో నాగరత్నం వచ్చింది. నాలో పెరిగిన గులాబీ నుంచి అక్క ఎప్పుడో ఇచ్చిన కొమ్మ ఆమె ఇంట్లో చెట్టయింది. దాన్నుంచి వేరుపట్టిన ఒక పిలక తెచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"రంగేసిన కుండీలో వద్దు బావా. ఊపిరాడక చెట్టు ఏళ్ళు ఉడికిపోతాయి. అక్క నీకు చెప్పలా?"

చెన్నకేశవులు నా మీది ఎర్ర గులాబీని వేలితో తడిమాడు.

"చెప్పలా" అన్నాడు.

ఆమె వెళ్ళాక గాజుపెంకు తీసుకుని నన్ను గీకడం మొదలుపెట్టాడు. తన పూలన్నీ తానే రాల్చుకున్నాడు. చేతివేళ్ళు తెగినా ఆగలేదు. నా పాత ఒళ్ళు బయటపడ్డాక, హైమ చెయ్యి ఆనించిన చోట చెయ్యి ఆనించి, "ఒక్క మాటైనా తిట్టకుండా పోయావేందే" అని ఏడ్చాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది. చెప్పడానికే నోరు లేదు.

మర్నాడు పొద్దున పిలక నాటి నీళ్ళు పోశాడు. మధ్యాహ్నానికి నాకు చెమట పట్టింది.