పదకొండో నత్త

సోమవారం పొద్దున ఫాయ్ ల్యాబు తలుపు తీసేసరికి పదకొండు ప్లాస్టిక్ కప్పులు శుభ్రంగా కడిగి, తువ్వాలు మీద వరసగా బోర్లించి ఉన్నాయి. పక్కన ఒక మల్లెపూల దండ. శనివారం సాయంత్రం దాకా ఆ కప్పుల్లో కప్పుకొకటి చొప్పున పదకొండు నత్తలుండేవి.

పదకొండు నత్తలకే ఇంత గోలా అనుకునేవాళ్లు ఖోన్‌కేన్ ఊరి చుట్టుపక్కల వరిమళ్లలో ఒక్క పూట నడుం వంచి చూడాలి. గోరంత నత్తలు అవి. మనిషి కాలేయంలో కాపురం పెట్టే పురుగు తన చిన్నతనమంతా గడిపేది వాటి కడుపులోనే. అలాగని ప్రతి నత్తలోనూ దొరకదు. వెయ్యింటిని వెతికితే రెండింట్లోనో మూడింట్లోనో ఉంటుంది. ఎమ్మెస్సీలో చేరిన ఈ రెండేళ్లలో ఫాయ్ నాలుగు వేల రెండు వందల నత్తలను ఏరుకొచ్చింది. ఒక్కొక్కదాన్నీ కప్పు నీళ్లలో వేసి, దీపం కింద పెట్టి, పురుగు పిల్లలు బయటికి ఈదుతాయేమోనని మైక్రోస్కోపులో కళ్లు కాయలు కాచేలా చూసింది. చివరికి తేలినవి పదకొండు. ఎన్నో నత్తలుండగా పురుగు వీటినే ఎందుకు ఎంచుకుందో తేల్చాలంటే వాటిని నలిపి, జన్యువులు బయటికి తీసి చూడాలి. ముహూర్తం ఆ సోమవారమే. ఎండలు ముదిరి పొలాలు నెర్రెలిచ్చాయి, మళ్లీ వానలు పడితేగాని కొత్త నత్తలు దొరకవు. అప్పటికి ఆమె థీసిస్ గడువు కాస్తా దాటిపోతుంది. ఒకసారి పొడిగించిన గడువును మళ్లీ పొడిగించరు.

ల్యాబు తాళంచెవి ఫాయ్ దగ్గర కాకుండా మరొక్కరి దగ్గరే ఉంటుంది. ఆవిడ బువాలై పెద్దమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆ అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. ఆవిడ బుట్టలోని జిగురన్నం తినకుండా పట్టా పుచ్చుకున్న విద్యార్థి ఆ శాఖలో లేడు. ఫాయ్‌ని ‘నత్తమ్మా’ అని పిలుస్తుంది. నత్త గుల్లల మీద గుర్తు పెట్టడానికి చుక్కలు కావాలంటే తన గోళ్లరంగు సీసా తెచ్చిచ్చింది కూడా ఆవిడే. ఎర్రటి ఎరుపు. శనివారం ఫాయ్ ఊరికి వెళ్తూ, రేపు నా పుట్టినరోజు, ఇంటి దగ్గర ఉంటాను, కప్పుల్లో నీళ్లు మార్చండి అని అప్పజెప్పింది. సోమవారం ఎలాగూ నలిపేస్తాను, ఈ ఒక్క రోజే శ్రమ అని కూడా చెప్పింది. నోరు జారిందంటే అక్కడే.

పెద్దమ్మ చీపురు పట్టుకుని మెరిసే మొహంతో లోపలికొచ్చింది.

“వెనకాల చెరువులో వదిలేశాను తల్లీ, నీ పేరు మీదే. పుట్టినరోజు మర్నాడే పదకొండు ప్రాణాలు తీసి, ఆ పాపం నెత్తిన పెట్టుకుని పరీక్షకి కూచుంటావా? నీళ్లు వదిలి ఆ పుణ్యమంతా నీకే ధారపోశా.”

పుణ్యం కోసం చేపల్నీ నత్తల్నీ నీళ్లలో వదలడం ఫాయ్ ఎరగనిదేం కాదు. వాళ్లమ్మ ఏటా చేస్తుంది. అయినా ఆ క్షణంలో కళ్లు కనపడలేదు. మీకేం తెలుసని ముట్టుకున్నారు, నేల తుడుచుకోక, అనేసింది. పెద్దమ్మ చీపురు గోడకి ఆనించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

గైడు ప్రనోమ్‌ని అందరూ ఆచాన్, అంటే గురువుగారు, అంటారు. ఆవిడ మితభాషి. తిడుతుందనుకుంటే తిట్టలేదు. నత్తల్లో ఏముందో బువాలైకి ఎవరు చెప్పారని మాత్రం అడిగింది. ఎవరూ చెప్పలేదని ఫాయ్ ఒప్పుకుంది. బ్యాంకాక్ సదస్సులో ఈ పురుగు గురించి పావుగంట ఇంగ్లీషులో దంచి చప్పట్లు కొట్టించుకుంది. ఆ నత్తలున్న గది రోజూ తుడిచే మనిషికి మాత్రం రెండేళ్లలో ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు చదువుకున్నావు గాని చదువు చెప్పలేదు, పో, ముందు ఆ పని చూడు, అంది ఆచాన్.

పెద్దమ్మ వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. ఫాయ్ కింది మెట్టు మీద కూలబడి, చేతులు జోడించి తల వంచింది. తప్పయిపోయిందని చెప్పింది. ఆవిడ కోపం ఆవిడ కళ్లలోనే కరిగిపోయింది. లేవమ్మా, మొహం కడుక్కో అంది. ఫాయ్ ఆవిణ్ణి పైకి తీసుకెళ్లి, ఇరవై రెండేళ్లుగా దుమ్ము తుడవడమే తప్ప ఎన్నడూ కన్నుపెట్టి చూడని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. కింద గాజుపలక మీద రంగు వేసి దాచిన పురుగు పిల్ల ఉంది. రెండు కంటిచుక్కలు, పొడుగాటి తోక.

“ఇదేంటే, కళ్లు కూడా ఉన్నాయి?”

“నత్తలోంచి చేపలోకి పోతుంది పెద్దమ్మా. ఆ చేపని పచ్చిగా తిన్న మనిషి కాలేయంలోకి పోతుంది. అక్కడ ఏళ్ల తరబడి ఉంటుంది.”

పెద్దమ్మ కన్ను తియ్యలేదు. ఆవిడ భర్త పచ్చి చేప నూరి నిమ్మకాయ పిండుకుని తినందే ముద్ద ఎత్తేవాడు కాడు. తొమ్మిదేళ్ల కిందట ఆయన కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, నాలుగు నెలల్లో పోయాడు. ఆ సంగతి ఆ అంతస్తులో అందరికీ తెలుసు, ఫాయ్‌కీ తెలుసు.

“మా ఆయన్ని మింగింది ఇదా?” అంది.

“దీని జాతే.”

“సాయంత్రమైతే ఆ చెరువులో మన కాలేజీ గార్డులు గాలాలేస్తారు కదే.”

పెద్దమ్మ లేచింది. ఒకరి పేరు మీద వదిలిన ప్రాణిని తిరిగి పట్టడమంటే అసలు వదలకపోవడం కంటే పెద్ద పాపమని ఆవిడ నమ్మకం. ఆ మాటే చెరువు గట్టున నిలబడి చెప్పింది.

“మళ్లీ పట్టిన పాపం నాది. నీకు అంటదులే.” లుంగీ పైకి దోపి నీళ్లలోకి దిగింది.

ఫాయ్ వల తేబోతే వద్దంది. ఎండిన కొబ్బరి మట్టలు నాలుగు తెప్పించి, తాను నత్తలను వదిలిన మెట్టు చుట్టూ నీళ్లలో పరిచి, రాళ్లు పెట్టి, ఇంటికి పొమ్మంది. మర్నాడు పొద్దున మట్టలు ఎత్తి చూస్తే అడుగున నత్తలు గుంపులుగా అంటుకుని ఉన్నాయి. వాటిలో ఆరింటికి ఎర్రచుక్క. బుధవారానికి పది దొరికాయి. రెండేళ్లు జల్లెడతో కుస్తీ పట్టిన ఫాయ్‌కి ఈ ఉపాయం ఏ పుస్తకంలోనూ కనపడలేదు. చిన్నప్పుడు మా ఊళ్లో ఇలాగే పట్టేవాళ్లం, నువ్వు అడిగితేగా అంది పెద్దమ్మ.

పది చాలని ఆచాన్ తేల్చింది. గురువారం ఫాయ్ పది నత్తలనీ నలిపింది. మొదటిదాన్ని ముట్టేముందు తనకే తెలియకుండా చేతులు జోడించింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి పదిసార్లూ దండం పెట్టింది.

పదకొండోది మాత్రం దొరకలేదు. పెద్దమ్మ రోజూ డ్యూటీకి ముందు చెరువుకి పోయి మట్టలెత్తి చూసేది. గాలాలు వేసే గార్డుల్ని పట్టుకుని, పచ్చిగా తిన్నారో మీ కళ్లు పసుపుకొమ్ములవుతాయని వాయించేది. వాళ్లు ఆవిణ్ణి చూస్తే పొయ్యి వెలిగించుకునే దాకా వచ్చారు. ఇక వదిలెయ్యండి పెద్దమ్మా, ఒక్కటే కదా అని ఫాయ్ ఓసారి అంది.

“ఒక్కటే అంటావేం? మా ఆయన్ని మింగడానికి ఎన్ని కావాల్సొచ్చాయో నీ లెక్కల్లో చూసి చెప్పు.”

ఫాయ్ మర్నాటి నుంచి తనూ చెరువుకి పోవడం మొదలుపెట్టింది.

ఆరు వారాల తరవాత వైవా అయింది. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ నత్తలు పట్టిన పద్ధతి గురించే గుచ్చిగుచ్చి అడిగాడు. ఫాయ్ కొబ్బరి మట్టల సంగతి చెప్పింది, ఎవరు నేర్పారో కూడా చెప్పింది. నెగ్గి బయటికొచ్చేసరికి వరండాలో పెద్దమ్మ, మోకాళ్ల దాకా బురద, చేతిలో మూతపెట్టిన కప్పు. లోపల నత్త. గుల్ల మీద చుక్క సగం పెచ్చులూడిపోయింది.

“పొద్దునే దొరికింది. పరీక్షలో ఉన్నావని లోపలికి రాలేదు.”

ఫాయ్ థీసిస్ తెరిచి కృతజ్ఞతల పేజీ చదివి వినిపించింది. ఆచాన్ పేరు, అమ్మానాన్నల పేర్లు అయ్యాక చివరి వాక్యం ఇది: ‘ఈ నత్తలను ఒకసారి నా మేలు కోరి వదిలి, మరోసారి నా మేలు కోరి పట్టి, ఆ పాపం కూడా తానే మోసిన బువాలై పెద్దమ్మకు.’

పెద్దమ్మ తడి చేతుల్ని లుంగీకి తుడుచుకుని ఆ పేజీ మీద వేలు పెట్టింది. తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూసుకుంది. మరి దీన్నేం చేస్తావు, నలుపుతావా అంది.

“లేదు. చెరువులోకీ పోదు. గాజు జాడీలో మూతేసి ఇక్కడే పెడతాను. దాని ఆయుష్షు ఎంతుంటే అంత.”

పెద్దమ్మ సంచీలోంచి గోళ్లరంగు సీసా తీసింది. గుల్ల మీది తడి తుడిచి, పెచ్చులూడిన చుక్క మీద మళ్లీ నిండుగా ఎరుపు వేసింది. ఇక దీన్ని వదిలినట్టే లెక్క, నీ పేరు మీదే అంది. పుట్టినరోజు నాటి పుణ్యం తనకి ఇవాళ ముట్టిందని ఫాయ్‌కి అనిపించింది, ఈసారి పెద్దమ్మకి ఏ పాపమూ అంటకుండా.