ఆ ఏడాది ఆవకాయ

మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి ఇందుజ అన్నం తిని, చెయ్యి తుడుచుకుని, హాల్లో బల్ల ముందు కూర్చుని చెవులకు హెడ్‌సెట్ తగిలించుకునేది. సరిగ్గా ఆ వేళకే మామగారు గంగాధరరావు ఉల్లిపాయల కొట్టులోంచి తల లోపలికి పెట్టి అడిగేవాడు.

"ఇవాళ ఎటువైపు వాళ్ళమ్మా?"

"ఇంకా ఫోన్లు మొదలవలేదండీ మావయ్యగారూ."

"మొదలవగానే ఓ కేకెయ్యి తల్లీ. కర్నూలు సరుకు దిగింది. తడిసిందంటే మొలకలొచ్చేస్తాయి."

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ముందు కొట్టు, వెనక కాపురం, రెంటికీ నడుమ హాలు. కొట్టులో పట్టని బస్తాలన్నీ ఆ హాల్లోకే వచ్చి చేరేవి. ఇందుజ ఉద్యోగం ఇంగ్లండులో ఇళ్ళను వెచ్చగా ఉంచే బాయిలర్లు బాగుచేసే కంపెనీలో. అక్కడ ఎవరింట్లో బాయిలర్ మొరాయించినా ఫోను గూడెంలో మోగేది. ఎవరి యాసలో వాళ్ళు మొరపెట్టుకునేవారు. ఆ యాస వెంబడి ఆ ఊరి వాతావరణం కూడా వచ్చేసేది.

మాంచెస్టర్ ముసలాయన తన ఇంటి పక్క సందుని 'జిన్నెల్' అన్నాడంటే హాల్లో సన్నగా వాన పట్టుకునేది. యార్క్‌షైర్ వాళ్ళు ఏమీ లేదనడానికి 'నౌట్' అంటారు. ఆ మాట పడిందంటే తలుపులు టపటప కొట్టుకునేంత గాలి. కార్న్‌వాల్ వాళ్ళు నిదానస్తులు. మనిషిని ఎప్పుడు పంపమంటారని అడిగితే 'డ్రెక్లీ' అంటారు. మన 'చూద్దాంలెండి'కి అది తోడబుట్టిన మాట. దాంతోపాటు సముద్రపు పొగమంచు వచ్చి తీరుబడిగా బస్తాల మీద కూర్చునేది. ఇక డర్హమ్ వైపు వాళ్ళు వాకిలంతా 'క్లార్టీ'గా ఉందని విసుక్కుంటే, ఇక్కడ గచ్చు మీద బురద అడుగులు పడేవి.

"ఆ క్లార్టీ వాళ్ళని కాస్త కాళ్ళు కడుక్కుని మాట్లాడమనమ్మా," అంటూ అత్తగారు వెంకటనరసమ్మ గచ్చు గుడ్డ పట్టుకుని వచ్చేది.

బ్రిస్టల్ పెద్దాయన ఒకడు ఇందుజను 'మై లవర్' అన్న రోజున మాత్రం ఆమె భర్త నరేంద్ర లెక్కలు ఆపి తలెత్తాడు. అక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారని ఇందుజ చెప్పింది. "కూరగాయల సూరమ్మ నిన్ను 'నా రాజా' అనదట్రా? ఎప్పుడైనా ఉలిక్కిపడ్డావా?" అంది వెంకటనరసమ్మ. నరేంద్ర మళ్ళీ లెక్కల్లో తల దూర్చాడు.

వీధిలో ఎవరికీ ఇదేం వింత కాదు. పైగా ఎండాకాలంలో పక్కింటి ఆడవాళ్ళు చింతపండు బుట్టలు పట్టుకుని, "న్యూకాసిల్ ఎప్పుడొస్తుందండీ?" అంటూ వచ్చి హాల్లో చతికిలపడి గింజలు తీసుకునేవారు.

తంటా అల్లా తడితోనే. ఉల్లిపాయలంటే ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. ఆవకాయ అలా కాదు. కిందటేడు కారం కలుపుతుండగా లివర్‌పూల్ నుంచి ఎవరో మాట్లాడారు. నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. నెల తిరక్కుండా జాడీలకి జాడీలు బూజు పట్టాయి. ఊరందరికీ ఆవకాయ పెట్టడం నేర్పిన వెంకటనరసమ్మ ఆ ఏడంతా పక్కింట్లోంచి గిన్నెతో తెచ్చుకుంది. ఆ తలవంపు ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

ఈ ఏడు ఏప్రిల్లో ఆ బెంగా తీరింది. కంపెనీ వాళ్ళు కంప్యూటర్లో కొత్త ఏర్పాటు పెట్టారు. అవతల మనిషి ఏ యాసలో మాట్లాడినా అది మడతలన్నీ పోగొట్టి, నున్నగా చదునుచేసి ఇందుజ చెవికి అందించేది. ఇందుజ మాటనూ అలాగే చేసి అటు పంపేది. ఇంట్లో దాన్ని ఇస్త్రీ అనేవారు. ఇస్త్రీ మొదలైన దగ్గర్నుంచి వాన లేదు, గాలి లేదు, బురద అడుగులూ లేవు. ఇస్త్రీ తీసేసే మీట ఒకటి తెర మీద ఉంది గాని, అది ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని హైదరాబాదులో ఉండే పైఅధికారి గిరిధర్ మొదటిరోజే చెప్పాడు.

"యార్క్‌షైర్ వాళ్ళు బొత్తిగా ఫోన్లు చెయ్యడం మానేశారామ్మా?" విసనకర్రతో విసురుకుంటూ అడిగాడు గంగాధరరావు.

"చేస్తున్నారండీ. గాలే రావట్లేదు."

ఇందుజకు దిగులుగానే ఉండేది. ఎవరు మాట్లాడినా ఒకే ఊరివాళ్ళలా, ఏ ఊరూ లేనివాళ్ళలా ఉన్నారు. ఆకివీడులో, కొల్లేటి అంచున పుట్టిన పిల్ల. ఆ లంకల్లో పడవ దిగిన మనిషి నోరు విప్పితే చాలు, ఏ రేవు నుంచి వచ్చాడో చెప్పగలిగేవాడు ఆమె నాన్న. మాటకి ఊరు లేకుండా పోవడం ఆమెకి మనిషికి మొహం లేకుండా పోవడంలా అనిపించేది. అయినా జీతం వస్తోంది, ఉల్లిపాయలు పొడిగా ఉన్నాయి. ఎవరితో చెప్పుకుంటుంది?

నెలాఖర్లో ఒక మంచిరోజు చూసి వెంకటనరసమ్మ కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు కొట్టించింది. హాలు మధ్యలో దుప్పటి పరిచి, ముక్కలు పొడిగుడ్డతో తుడిచి, పెద్ద బేసినులో పోసి, కారం, ఆవపిండి, ఉప్పు వేసి, నువ్వులనూనె పోసి మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని కలుపుతోంది. ఘాటుకి వీధిలో పోయేవాళ్ళు తుమ్ముతున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

రెండు గంటలవేళ ఫోను మోగింది. డర్హమ్ కొండల్లో ఒంటరిగా ఉండే ఎనభైయేళ్ళ ఎల్సీ అనే ఆవిడ.

"నమస్కారము," అంది ఇస్త్రీ గొంతు. "నా గృహములో బాయిలర్ రాత్రి నుండి పనిచేయుట లేదు. విద్యుత్తు కూడా లేదు. ఉష్ణోగ్రత కొంత తక్కువగా ఉన్నది. తొందర లేదు."

కంప్యూటర్లో చూస్తే అక్కడ అకాల మంచు, దార్లు మూసుకుపోయాయి, మనిషిని పంపేది రేపే. ఇందుజ ఆ సంగతి చెప్పింది. "ధన్యవాదములు," అంది గొంతు. కానీ మాటకీ మాటకీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. ఇస్త్రీ మాటల్ని సాపు చేసింది గాని, మధ్యనున్న మౌనాన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

"మీకు బాగా చలిగా ఉందాండీ?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "ఇందాక వణుకు ఉండెను. ఇప్పుడు లేదు. నిద్ర వచ్చుచున్నది."

ఇందుజ కుర్చీ ముందుకు లాక్కుంది. చలిలో ఉన్న ముసలివాళ్ళకి వణుకు ఆగిపోయిందంటే ప్రాణం మీదకొచ్చిందని ట్రైనింగులో చెప్పారు. కానీ ఈ నున్నటి గొంతులో ఎంత నిజమో, ఎంత ఇస్త్రీయో ఎలా తెలుస్తుంది? ఆమె చెయ్యి మీట దగ్గరికి వెళ్ళి ఆగింది. ఎదురుగా బేసినులో, మూత లేకుండా, ఏడాది ఆవకాయ.

"అత్తయ్యగారూ," అంది. "ఇస్త్రీ తియ్యాలండీ. ఆవిడెవరో పోయేలా ఉన్నారు."

వెంకటనరసమ్మ చేతులు బేసినులోనే ఆగిపోయాయి. ఆవకాయ వంక చూసింది, కోడలి వంక చూసింది. ఎత్తి లోపల పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి, అయిదు నిమిషాలు కావాలి.

"మరి నీ ఉద్యోగం?"

"తెలీదండీ."

"తియ్యి తల్లీ. మనిషికన్నా ముక్క ఎక్కువా?"

ఇందుజ మీట నొక్కింది.

"ఈ... హిన్నీ," అంది ఒక సన్నని, ముడతలు పడ్డ, సొంతగొంతు. 'ఈ' అంటే అక్కడ మన 'అమ్మో', హిన్నీ అంటే బంగారుతల్లీ అని. "నిథర్డ్ అయిపోయానే, హిన్నీ. నిథర్డ్."

చలికి కొయ్యబారిపోవడాన్ని ఆ వైపు అలా అంటారు. ఆ మాట హాల్లోకి వచ్చి పడగానే కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. మరచెంబులో నీళ్ళు పేరుకుని ఠప్పుమన్నాయి. ఉల్లిపాయల మీద ఉప్పు చల్లినట్టు మంచు. వెంకటనరసమ్మ నోట్లోంచి పొగ వచ్చింది. ఇన్నాళ్ళలో ఇంత చలి ఎప్పుడూ రాలేదు. ఎల్సీ ఎలాంటి ఇంట్లో కూర్చుని 'తొందర లేద'ందో అప్పుడు తెలిసింది ఇద్దరికీ.

ఇందుజ గిరిధర్‌కి చెప్పింది. అంబులెన్సు బయల్దేరిందని, కొండ ఎక్కడానికి గంటో రెండు గంటలో పడుతుందని, ఇస్త్రీ ఎందుకు తీశారని గిరిధర్ అన్నాడు. మొదటి రెండింటికీ ఇందుజ సరేనంది. మూడోది పూర్తయ్యేలోపే ఎల్సీ లైనుకి తిరిగొచ్చింది.

"రెండు గంటలు ఆగేలా లేరండీ అత్తయ్యగారూ. నిద్రపోతున్నారు." ఆమెకి ఏడుపొచ్చేసింది.

వెంకటనరసమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఆవిడ చలి ఇక్కడికి రాగా లేంది, మన ఎండ అక్కడికి పోదుటే? నువ్వు ఆవిడతో పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడితే ఎండెలా వెళుతుంది! మన మాట మాట్లాడు. ఎండని తిట్టు."

ఇందుజ కళ్ళు తుడుచుకుంది. "ఎల్సీగారూ, నిద్రపోకండేం. మా ఆకివీడులో ఇప్పుడు కొల్లేరు అడుగంటి బీటలు తీసి ఉంటుందండీ. వడగాడ్పు కొడుతూంటుంది. మిట్టమధ్యాహ్నం బురద కూడా కాలుతుంది. కొంగలు సైతం నోరు తెరుచుకుని రొప్పుతాయి." చెబుతూ ఉంటే ఆమె మొహం మీద నుంచి సెగ ఏదో జారి వైరులోకి వెళ్ళింది.

"ఊఁ," అంది ఎల్సీ.

"ఇటియ్యి." వెంకటనరసమ్మ కారం చేతులతోనే మైకు లాక్కుంది. "ఏవండీ వదినగారూ! మా గూడెంలో ఎండ చుర్రుమంటోందండీ. అరుగు మీద కూర్చుంటే ఒళ్ళు బొబ్బలెక్కుతోంది. రాత్రిళ్ళు ఒకటే ఉక్క. కుంపట్లో కాపురం చేస్తున్నామండీ బాబూ. వింటున్నారా?"

"ఆయ్," అంది ఎల్సీ. అక్కడా అవునంటే అదే మాట.

"ఆయ్!" వెంకటనరసమ్మ మొహం విప్పారింది. "చూశావుటే, ఎంత మర్యాదస్తురాలో! మావయ్యగారిని పిలు. కొట్లో ఉన్నవాళ్ళందర్నీ రమ్మను."

వచ్చారు. ఎండని తిట్టమంటే రానివాళ్ళెవరు? బస్తాలు మోసే కృపానందం తలపాగా విప్పి, "మాడు పేలిపోతోందండీ మామ్మగారూ, లారీ ఇనుం మీద చెయ్యేస్తే తోలు ఊడొస్తోంది," అన్నాడు. బేరానికొచ్చిన అత్తిలి అబ్బాయిరాజుగారు గొంతు సవరించుకుని, చేలల్లో నీళ్ళు ఉడికిపోయి కాళ్ళు పెట్టలేకపోతున్న వైనం వివరంగా మనవి చేసుకున్నారు. చింతలపూడి నుంచి వచ్చిన డ్రైవరు మెట్ట ఎండ సంగతి చెప్పాడు. అది పొడి సెగ, పామాయిలు తోటల్లో ఆకు కదలదు. గంగాధరరావు మాత్రం అరవయ్యేళ్ళుగా కూడబెట్టిన తిట్లన్నీ విప్పాడు. ఒక్కొక్కరు మాట్లాడుతున్నకొద్దీ ఒక్కో రకం ఎండ వైరులోకి ఇంకిపోయింది. వీధిలో వెలుగు పలచబడింది. జనం ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ దగ్గరికి జరిగారు. అయినా ఎవరూ ఆపలేదు.

ఆఖరికి మాటలు అడుగంటాక, వెంకటనరసమ్మ బేసిను పక్కన కూలబడి, కలిపిన ఆవకాయలో చెయ్యి పెట్టి, మైకుకి చెప్పింది. "ఇది మా కారం వదినా. ఇదీ మీకే."

అవతల ఏదో ధబ్బుమంది. ఇంటి కప్పు మీది మంచు జారి పడిన చప్పుడు. ఆ వెనకే ఎల్సీ గొంతు, ఈసారి గట్టిగా. "ఈ, హిన్నీ! ఒళ్ళంతా మండిపోతోందే. స్వెట్టరు విప్పి కిటికీ తెరిచాను. ఎవరో తలుపు కొడుతున్నారు, ఉండు."

అంబులెన్సు వాళ్ళు లోపలికొచ్చి టోపీలు తీసి చెమటలు తుడుచుకోవడం, ఒకడు వరసగా తుమ్మడం ఇక్కడికి వినిపించింది. హాల్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఇందుజ నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రానికి గిరిధర్ ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయింది. ఇందుజ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోరోజు ఆవకాయ తిరగకలిపే రోజు. వెంకటనరసమ్మ జాడీ వాసెన విప్పి ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించింది. తడి తగల్లేదు, బూజు లేదు. ఉప్పుంది, పులుపుంది, ఎర్రటి ఎరుపూ ఉంది. కారం మాత్రం రవ్వంత లేదు.

తన వాటా జాడీ అందాక అత్తిలి నుంచి కూతురు ఫోను చేసింది. "అమ్మా, ఈసారి కారం వెయ్యడం మరిచిపోయావా?"

"మర్చిపోలేదే. పొరుగూర్లో ఒకావిడ చలికి పోతోంటే ఇచ్చేశాను."

"అలాగా. పోన్లే, పిల్లలు తింటారు," అంది కూతురు.

వెంకటనరసమ్మ చిన్న సీసాలో ఆవకాయ పెట్టి, నూనె కారకుండా గుడ్డ చుట్టి, ఇందుజ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టి ఇంగ్లండుకి పార్సిలు కట్టించింది. ఎల్సీగారు తినగలిగిన ఆవకాయ లోకంలో అదొక్కటే కదా.

మే నెల నడిమధ్యాహ్నం కరెంటు పోయింది. పట్టెమంచం మీద వెంకటనరసమ్మ చీరకొంగుతో విసురుకుంటోంది. ఇందుజ సొంత ఫోను మోగింది. ఇస్త్రీ లేదు, కంపెనీ లేదు, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు ఎల్సీ మాట్లాడుతోంది. ఆవకాయని తమ ఊరి రొట్టెలో, 'స్టాటీ'లో పెట్టుకుని తిన్నానని చెప్పింది.

"ఎలా ఉందిట?" అత్తగారు లేచి కూర్చుంది.

"క్యానీ అంటున్నారండీ. అంటే బావుందని."

ఆ మాట వెంబడి తడిగడ్డి వాసనతో చల్లటి గాలి ఒకటి వచ్చి, బస్తాలు దాటుకుని, మంచం చుట్టూ ఒకసారి తిరిగింది. వెంకటనరసమ్మ కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది.

"ఇంకోసారి అనమను తల్లీ," అంది.