జ్ఞానమ్మ కంటి మాత్రలు

రేపల్లెలో నేను మందుల కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళు. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలంటే నాకు ఒళ్ళుమంట. ఆ రెండువేల ఐదు ప్రాంతంలో ముడతలు పోవాలన్నా, ఓపిక రావాలన్నా అందరికీ అవే కావాలి. జామకాయలు తినండర్రా అంటే వినరు.

జ్ఞానమ్మ సంగతి వేరు. నిజాంపట్నం హార్బరులో రొయ్యల్ని సైజుల వారీగా ఏరడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ కళ్ళకే మసక వచ్చింది. కంటి వెనక పొర దెబ్బతింటోందనీ, ఈ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలే పోయిన చూపును తేలేవు గానీ ఉన్నదాన్ని నిలబెట్టవచ్చనీ తెనాలి డాక్టరు రాసిచ్చాడు. మూడు నెలలు వాడింది. మసక ముదరలేదు. ఆ మాత్రల మీద నాకే గౌరవం కలిగింది.

నాలుగో డబ్బా కోసం ఆమె చెయ్యి చాపినప్పుడు చూశాను, అరచేతులు పచ్చగా ఉన్నాయి.

"కామెర్లంటన్నారు తమ్ముడూ. పసరు తాగమంటన్నారు."

కళ్ళు మాత్రం తెల్లగానే ఉన్నాయి. అనుమానమొచ్చి డబ్బాలోని కాగితం విప్పి భూతద్దంతో చదివాను. క్యారెట్లలో ఉండే రంగు పదార్థం ఇందులో ఎక్కువట, చర్మం పచ్చబడితే భయం లేదట. కింది వరసలో మాత్రం పొగతాగేవాళ్ళు వాడకూడదనీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనీ ఉంది.

"అక్కా, ఆదాము బావ చుట్ట తాగుతాడనుకుంటా. ఆయనకు మాత్రం ఇవి పొరపాటున కూడా ఇవ్వకు," అన్నాను.

ఆమె నవ్వి, రొంటినుంచి చుట్టల కట్ట తీసింది. "మీ బావకి పొగ పడదు. ఇయ్యి నాయి. నలభై ఏళ్ళనుంచీ."

"డాక్టరుకు చెప్పలేదా?"

"మగాళ్ళందర్నీ అడిగాడు. నన్నడగలా."

నేనూ అడగలేదు. ఆమె ఇచ్చే నోట్లకు మూడు నెలలుగా పొగాకు వాసన వస్తూనే ఉంది. మొగుడిదనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయి డబ్బా వెనక్కి లాక్కున్నాను.

"ఇటియ్యి! కళ్ళు పోతే నన్ను రొయ్యల దగ్గరికెవరు రానిస్తారు?" అని అరిచింది.

వెంటనే తెనాలికి ఫోను చేశాను. డాక్టరు ఆ రంగు లేని వేరే మాత్ర పేరు చెప్పి, "చుట్ట కూడా కంటిని పాడుచేస్తుందని చెప్పండి," అన్నాడు.

చెప్పాను. జ్ఞానమ్మ కొత్త మాత్రలు అందుకుని, చుట్టల కట్టను బల్లమీద పెట్టి, "నాకు కనపడకుండా దాచెయ్," అని వెళ్ళిపోయింది.

నేను నమ్మలేదు. నెల తిరిగాక వచ్చింది. మనిషి చిక్కింది, చిరాకు పెరిగింది. నోట్లకు రొయ్యల వాసన తప్ప మరొకటి లేదు. చూపు నిలిచింది. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

అంతలో ఎవరో పెద్దావిడ చీటీ చాపింది. అవే పాత మాత్రలు. అలవాటు కొద్దీ డబ్బా అందుకోబోయాను. జ్ఞానమ్మ నా చేతిమీద ఒక్కటేసింది.

"చుట్ట తాగుతావా వదినా?" అని ఆవిణ్ణి అడిగింది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది.