సగమే తెరుచుకున్న స్విచ్చి

నేను ఒక ట్రాన్సిస్టర్‌ని. వేలి గోరంత నల్లటి ఒళ్లు, మూడు కాళ్లు. చిన్న సంకేతం అందగానే తలుపు తెరిచి పెద్ద కరెంటును వదలడం నా పని. సముద్రాల అవతల పుట్టి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకి చేరాను. అక్కడ కామెర్లు తగ్గడానికి పసిబిడ్డల మీద వెలిగించే నీలి దీపాలు చేసేవారు.

నన్ను ఎంచుకున్నది అక్కడి ఇంజనీరు ఎస్తేరురాణి కాదు. దీపంలోని ఎల్‌ఈడీలు మూడు ఆంపియర్లు లాగుతాయి, వాటిని నడిపే చిప్పు ఐదు వోల్టులే ఇస్తుంది, కాబట్టి ఐదుకే పూర్తిగా తెరుచుకునే రకం తెమ్మని ఆమె రాసిచ్చింది. అది రావడానికి నెల పడుతుందన్నారు. యజమాని కొండలరావు ఆగలేక, బజార్లో దొరికిన నన్ను తెచ్చాడు.

"ఇది కుదరదు సార్. దీనికి పది వోల్టులు కావాలి. ఐదిస్తే సగమే తెరుచుకుని వేడెక్కిపోద్ది."

"ముప్పై ఆంపులదమ్మా. మూడుకి ముప్పై తెచ్చినా చాలదా?"

"పూర్తిగా తెరుచుకుంటేనే ముప్పై సార్."

బల్ల మీద పెట్టి వెలిగించారు. పది నిమిషాలు బాగానే వెలిగింది. "చూశావుగా," అన్నాడాయన. ఆమె నన్ను ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేసుకుంది. ఆ కాలిన వేళ్లతోనే పరీక్ష కాగితం మీద సంతకం పెట్టింది. ఉద్యోగం పోతుందని భయపడింది.

ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో రెండో రోజుకే ఉడికిపోయాను. దీపం సగానికి తగ్గింది. నీలం నీలంగానే ఉంది కదా, ఎవరికీ అనుమానం రాలేదు. కింద పడుకున్నది నాగరత్తమ్మ కూతురు, నాలుగు రోజుల పిల్ల. కామెర్లు మెదడుకెక్కాయి. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలిపారు గానీ వినికిడి పోయింది.

ఆరు నెలలకు ఒక అధికారి వచ్చి వర్క్‌షాపులో విచారణ జరిపాడు. దీపం విప్పి నన్ను అతికించిన బోర్డును బల్ల మీద పెట్టారు. "సంతకం మా ఇంజనీరుదేనండీ," అన్నాడు కొండలరావు.

బిడ్డను ఒళ్లో పెట్టుకున్న నాగరత్తమ్మ ఎస్తేరురాణి వైపు తిరిగింది. "ఇట్టా అవుద్దని మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలుసు."

అధికారి పెన్ను ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

ఎస్తేరురాణి ఆ రోజే పని మానేసింది. కొండలరావు మానలేదు. నివేదికలో ఆమె అన్న మాట లేదు, ఆయన పేరూ లేదు. 'విడిభాగంలో లోపం' అని రాసి, నన్ను పీకి కవర్లో వేసి ముద్ర వేశారు. నాలో ఏ లోపమూ లేదు. ఐదు వోల్టులకు ఎంత తెరుచుకోవాలో అంతే తెరుచుకున్నాను.