గౌరీబాయి చేతికుట్టు

దారం కొసను నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య నులిమి, గౌరీబాయి సూదిని మళ్ళీ ఎండకు ఎత్తి పట్టింది. సూది మసకగా కనిపిస్తోంది. బెజ్జం ఎక్కడుందో తెలియడం లేదు. దారం పక్కకు జారి బొటనవేలికి తగిలింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ జారింది.

కోడలు ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. రోజూ పత్తి చేనుకు పోయే ముందు ఆమె గుప్పెడు సూదులకు రంగురంగుల దారాలెక్కించి, ఒక గుడ్డపీలికకు గుచ్చి అత్త చేతికిచ్చేది. పని దగ్గర గౌరీబాయి ఒక సూదిలో దారం అయిపోగానే పీలికలోంచి ఇంకొకటి లాక్కునేది. ఎవరూ గమనించలేదనే అనుకుంటోంది. నిన్న తండ్రికి బాగాలేదని కబురు రావడంతో కోడలు తుంగతుర్తి బస్సెక్కింది. ఆ తొందరలో సూదుల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. కొడుకు జవహర్ రైసుమిల్లులో రాత్రి డ్యూటీ దిగి ఇంకా ఇంటికి రాలేదు. పక్కింటి కమ్లిని అడగవచ్చు. కానీ కమ్లి కూడా తమతో కుట్టుపని చేయించే సుధ దగ్గరే పనిచేస్తుంది. మధ్యాహ్నంలోగా సుధకు తెలిసిపోతుంది.

వేరే రోజయితే కడుపు నొప్పి అని ఇంట్లో ఉండిపోయేది. ఈరోజు కుదరదు. నిన్న సాయంత్రమే సుధ ఫోన్ చేసింది. "యాడీ, రేపు హైదరాబాద్ నుంచి కంపెనీ మేడం వస్తున్నది. నువ్వు కుట్టేది వీడియో తీస్తరంట. జర పెందలాడే రా," అంది. యాడి అంటే అమ్మ. తండాలో పెద్ద ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు.

గౌరీబాయి ఎక్కిన ఆటో నేరేడుచర్ల రోడ్డు మీదికి వచ్చి మిర్యాలగూడ వైపు తిరిగింది. మిల్లులు మొదలయ్యాయి. ఉడికిన వడ్ల వాసన ఆటోలోకి వచ్చింది. ఈ మిల్లుల్లో ఒకదానిలోనే గౌరీబాయి వయసంతా గడిచింది. ఊక ఊడ్చేది, తడి వడ్లు కాళ్ళతో తిరగేసేది. మొదట్లో అద్దాలు, గవ్వలు కుట్టిన ఫేటియా లంగా, మోచేతి పైదాకా తెల్లగాజులతోనే పనికి పోయేది. ఒకరోజు లంగా అంచు మిషను బెల్టులో చిక్కుకోబోయింది. మేస్త్రీ కేకలేసి, చీర కట్టుకొస్తేనే పనికి రమ్మన్నాడు. ఆ సాయంత్రం ఫేటియా విప్పి ట్రంకుపెట్టెలో పెట్టింది. పెళ్ళికి ముందు తల్లి పక్కన కూర్చుని తన చేత్తో కుట్టుకున్న లంగా అది. భర్త పోయినా, కొడుక్కి పెళ్ళయినా ఆ పెట్టె తెరవలేదు.

తెరిచింది సుధే. తండాలో డిగ్రీ దాటి చదివిన మొదటి ఆడపిల్ల. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, అది మానేసి ఇంటికొచ్చిన రోజుల్లో ఎవరి పెళ్ళికో పాతబట్టలు వెతుకుతూ గౌరీబాయి ఇంటికొచ్చింది. ఫేటియా చూసి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు లేవలేదు. "ఇట్ల కుట్టుడు ఇంకా వస్తదా నీకు?" అని అడిగింది. ఆ తర్వాతే ఇదంతా మొదలైంది. మిర్యాలగూడలో మేడ మీద గది కిరాయికి తీసుకుంది. తండా ఆడవాళ్ళు అక్కడ గుడ్డముక్కల మీద అద్దాలు కుడతారు. ఆ ముక్కలు కోదాడకు పోతే అక్కడి టైలర్లు సంచులు, పర్సులు, ఫైలు కవర్లు చేస్తారు. సూర్యాపేటలో విజయవాడ బస్సులు టీకి ఆగే చోట సుధకు కొట్టు ఉంది. ఆ కొట్లో గాజు బీరువాలో గౌరీబాయి ఫేటియా వేలాడుతుంటుంది. అమ్మే ప్రతి సంచికీ ఒక అట్టముక్క కడతారు. దాని మీద గౌరీబాయి ముఖం, కింద 'గౌరీబాయి చేతికుట్టు' అని అక్షరాలు.

ఆ ముఖాన్ని చూసుకున్నప్పుడల్లా మొదట్లో ఆమెకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు భయం. కోదాడలో కంటి పరీక్షలు పెట్టినప్పుడు డాక్టరు ఆమె కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఇది ఆపరేషన్‌తో పోయే మోతిబిందు కాదు, కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నాడు. ఆ మాట కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాను కుట్టలేనని తెలిస్తే అట్టముక్క మీది ముఖం ఏమవుతుంది? ఆ ముఖాన్ని నమ్ముకుని మేడ మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఏమవుతారు?

మేడ మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. సుధ అప్పటికే గదంతా తిరుగుతోంది. బల్ల మీది గుడ్డముక్కల దొంతరను సర్దింది, రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ అదే దొంతరను సర్దింది.

"వచ్చినవా యాడీ. తిన్నవా? ఇగో, నీ ఫేటియా సూర్యాపేట నుంచి తెచ్చిన. మార్చుకో," అంది. "ఈ ఆర్డర్ వస్తే ఇంకో గది తీస్కోవచ్చు. రాకుంటే ఈ గది కూడా..."

గది మూలన కట్టిన తెర వెనక గౌరీబాయి బట్టలు మార్చుకుంది. నాడా ముడి వేళ్ళతో తడిమి వేసుకుంది. ఫేటియా బరువు నడుము మీద పడగానే, ఇది ఇంత బరువుండేదా అనుకుంది.

బయటికొచ్చి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. కమ్లి, మిగతా వాళ్ళు నేల మీద చాపల్లో కుడుతున్నారు. ఏమీ తోచక బల్ల మీద చేయి వేసింది. ఆమె పేరు రాసిపెట్టిన దొంతర అది. పైముక్క తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళతో చూడలేనిదాన్ని అలవాటుగా వేళ్ళతో తడిమింది. అద్దాల చుట్టూ కుట్టు గట్టిగా, సమానంగా ఉంది. తన వేళ్ళకు ఈ మధ్య అంత గట్టితనం ఉందా? గుడ్డను తిరగేసింది. వెనక ముడులన్నీ ఎడమ వైపుకు ఒరిగి ఉన్నాయి.

ఆ గదిలో ఎడమచేత్తో కుట్టేది ఉమారాణి ఒక్కతే. ఆమెది తండా కాదు, చిలుకూరు. మిర్యాలగూడ కోడలుగా వచ్చింది. సుధ పెట్టిన ట్రైనింగులో గౌరీబాయి పక్కనే కూర్చుని ఈ కుట్టు నేర్చుకుంది.

గౌరీబాయి ఇంకో ముక్క తీసింది. దాని ముడులు కూడా ఎడమకే. ఇంకోటి. అదీ అంతే.

"ఉమా, జర ఇటు రా."

ఉమారాణి వచ్చి పక్కన కూర్చుంది. గౌరీబాయి ఒళ్ళోని గుడ్డలు తిరగేసి ఉండటం చూసి తల దించుకుంది.

"గివి నేను కుట్టినవి కావు గద?"

"నువ్వు కుట్టినవే అవ్వా. అద్దాలు ఊడొస్తున్నయ్. నేను ఇంటికి తీస్కపోయి, విప్పి..." ఉమారాణి గొంతు తగ్గించింది. "వానకాలం సంది జేస్తున్న. మొదాలు సుధక్కకు తెల్వది. తర్వాత తెలిసింది."

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె అవ్వా నీకు?"

అప్పుడే కింద కారు ఆగిన చప్పుడైంది. సుధ ఒక్క అంగలో మెట్ల దగ్గరికి వెళ్ళింది.

కంపెనీ మనిషి పేరు కళ్యాణి. ముప్పై దాటని మనిషి, మర్యాదగా మాట్లాడుతుంది. అందరికీ నమస్కారం పెట్టింది. గుడ్డముక్కలు వెలుతురులోకి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చూసి, చాలా బాగున్నాయంది. ఫోనును స్టాండుకు బిగించింది. "మా కస్టమర్లు అడిగేది ఒకటే సుధగారూ. ఇది నిజంగా తండా పెద్దవాళ్ళు కుట్టిందేనా అని. అందుకే ఈ వీడియో," అంది. సుధ తలూపింది.

గౌరీబాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఫేటియా కుచ్చిళ్ళను కళ్యాణి స్వయంగా సర్దింది.

"అమ్మా, సూదిలో దారం ఎక్కించడం నుంచి మొదలుపెడదాం. వేళ్ళను దగ్గరగా తీస్తాను. మీరు కంగారు పడకండి, రోజూ చేసినట్టే చేయండి."

గౌరీబాయి సూది అందుకుంది. దారం తడిపింది. వెలుతురు కళ్ళలోకి కొడుతుంటే సూది కూడా కనిపించకుండా పోయింది. దారం జారింది. మళ్ళీ ప్రయత్నించింది. గదిలో ఎవరూ కుట్టడం లేదని, అందరూ తననే చూస్తున్నారని నిశ్శబ్దాన్ని బట్టి తెలిసింది. వెనక నుంచి సుధ మెల్లగా, "నిమ్మళంగా యాడీ, నిమ్మళంగా," అంది. దారం మళ్ళీ జారింది.

గౌరీబాయి సూదిని మోకాలి మీద పెట్టింది.

"నాకు కనిపిస్తలేదు బిడ్డా."

కళ్యాణి ఫోను ఆపింది. "ఎప్పటినుంచమ్మా?"

"చాన రోజులాయె."

"మరి ఇవన్నీ?" కళ్యాణి బల్ల వైపు చూపించింది.

గౌరీబాయి కమ్లి పేరు చెప్పొచ్చు. తండాలోని ఏ పేరైనా చెప్పొచ్చు. అడిగిన మనిషికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు. గౌరీబాయికి ఆ సంగతి తెలుసు. కానీ పక్కన ఉమారాణి తల దించుకుని ఉన్నట్టు ఆమెకు తోచింది. వానకాలమంతా ఇంట్లో వంటావార్పూ అయ్యాక కూర్చుని తన కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన మనిషి.

"గవి ఉమారాణి కుట్టింది. నా పేరు మీదున్నవన్నీ ఆమెవే."

కళ్యాణి ఉమారాణి వైపు తిరిగింది. "మీది ఈ తండాయేనా?"

"కాదు మేడం. మాది చిలుకూరు."

కళ్యాణి ఆఫీసుతో మాట్లాడి వస్తానని ఫోను తీసుకుని మెట్లు దిగింది.

సుధ వచ్చి గౌరీబాయి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

"ఒక్క మాట యాడీ. ఆ ఒక్క మాట అనకుంటే ఏమయితుండె?"

"నా మొహం పెట్టి ఆమె పని అమ్ముతున్నవ్ బిడ్డా."

"నిన్ను ఇంటికి పొమ్మని నా నోటితోని ఎట్ల చెప్పాలె? నీ ఫేటియా చూసే గద నేను ఇదంత సురు చేసిన." సుధ కళ్ళు తుడుచుకుంది. "గీళ్ళందరికీ రేపు పని లేకుంటే ఏం జెప్పాలె?"

 చేసింది మంచో చెడో గౌరీబాయికే తెలియదు. చేయి చాపి సుధ తల మీద పెట్టింది. సుధ ఆ చేతిని తోసేయలేదు.

కళ్యాణి తిరిగొచ్చేసరికి సుధ లేచి నిలబడింది. ఆఫీసువాళ్ళు పని బాగుందనే ఒప్పుకున్నారు. అయితే అట్టముక్కల మీద ఆ ఫొటో, ఆ పేరు ఉండకూడదట. సగం సరుకే ఇప్పుడు తీసుకుంటారు. ఏ ముక్క ఎవరు కుట్టారో వాళ్ళ పేర్లతోనే పంపితే, అది చూసుకుని మిగతాదాని సంగతి చెబుతారు.

"ఉమారాణిగారి పేరు కూడా రాయండి," అంది కళ్యాణి. వెళ్ళే ముందు గౌరీబాయి దగ్గర ఆగి మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

సగమైనా మిగిలింది. చాపల్లో సూదులు మళ్ళీ కదిలాయి. ఎవరో చిన్నగా నవ్వారు కూడా. ఉమారాణి మాత్రం తన గుడ్డను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

గౌరీబాయి లేచింది.

"నాలుగ్గంటల బస్సుకు పోత."

"రేపు రా యాడీ. కుట్టకున్నా మంచిదే. వచ్చి కూసో. కొత్తోళ్ళకు నేర్పు."

"నేర్పిన గద. గామె చేతిల ఉంది సూడు." ఉమారాణి ఉన్న వైపు గడ్డం ఎత్తింది. తర్వాత ఫేటియా కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, "దీన్ని తీస్కపోతున్న," అంది.

సుధ గాజు బీరువాను తలుచుకున్నట్టుంది. "నీదే గద," అంది.

ఉమారాణి మెట్ల దాకా చేయి పట్టుకుని నడిపించింది. బస్టాండు దాకా వస్తానంటే గౌరీబాయి వద్దంది. దారి కళ్ళతో పనిలేకుండానే తెలుసంది. మెట్ల మీద గవ్వల చప్పుడు కిందికి దిగుతూ పోయింది. వీధిలోకి వచ్చాక ఆటోల హారన్లలో కలిసిపోయింది.

బస్సులో జనం ఆమెకు చోటిచ్చి, వింతగా చూశారు. కండక్టరు ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చేతిలో పెడుతూ, "ఏం అవ్వా, పెండ్లికి పోతున్నవా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎండ కిటికీలోంచి ఫేటియా మీద పడి బస్సు పైకప్పు నిండా వెలుగు చుక్కలు పరుచుకున్నాయి. మిల్లులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోయాయి. గౌరీబాయి వాటి వైపు తిరగలేదు. ఇంటికి పోయి జవహర్‌కు కళ్ళ సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తోంది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఉమారాణి గది ఊడ్చింది. దారం ముక్కలు, పగిలిన అద్దాల పెంకులు ఒక మూలకు చేర్చి, తెర పక్కకు లాగింది. మేకుకు గౌరీబాయి కట్టుకొచ్చిన చీర వేలాడుతోంది. ఊక రంగు చీర, ఉతికి ఉతికి అంచు పలచబడింది. ఉమారాణి చీపురు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. ఫ్యాను గాలికి చీర కొంగు మెల్లగా లేస్తోంది, మళ్ళీ గోడకు ఆనుకుంటోంది.