నేను చెప్పిన కల్తీ

పలాసలో కార్లు బాగుచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కారు చూడకుండానే ఫోన్లో రోగం చెప్పేసేవాణ్ణి మాత్రం నేనొక్కడినే. ఈ మాట నేనే గొప్పగా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

జగన్నాథం మాస్టారిది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. భార్య కామాక్షమ్మ గారిని వారానికి మూడుసార్లు తన పాత పెట్రోలు కారులో పలాసకి డయాలసిస్‌కి తీసుకొస్తారు. ఆ రోజు సగం దారిలో కారు కుదుపులిచ్చి ఆగిపోయింది. ఆమెను ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి గంటన్నర ఆలస్యమైంది. అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేశారు.

"లోకనాథూ, నిలిపి ఉంచితే ఇంజను వణికిపోతోందయ్యా. వేగం అందుకుంటే కాస్త నయం."

ఆ రెండో మాటలోనే జవాబుంది. నేను చెవిన పెట్టలేదు.

"పెట్రోలెక్కడ పోయించినారు మేస్టారూ?"

"మన పోలారావు కొట్లోనే. మొన్న రెండు సీసాలు."

"ఇంకేటుంది! కల్తీ. పోలారావు కల్తీ పెట్రోలు అమ్ముతన్నాడు, ఊరందరికీ సెప్పండి."

అదే మాట వాట్సాప్‌లో పంపమన్నారు. హుషారుగా పంపాను. సాయంత్రానికి నా గొంతు ఆ ఊరి గ్రూపులో మోగింది. పోలారావు నాకు పరాయివాడేమీ కాదు. కనిపిస్తే చాలు బావా అంటాడు. బంకు దూరమని చిన్న కిరాణా కొట్లో పప్పూ ఉప్పూ పక్కన పెట్రోలు సీసాలు కూడా పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆ కొట్టు ముందు ఒక్క బండీ ఆగలేదట.

కారుని తాడు కట్టి నా షెడ్డుకి తెచ్చారు. ట్యాంకు దింపి కడిగాను. తీసిన పెట్రోలు సీసాలో పోసి చూస్తే అడుగున నీటి చుక్క లేదు, వాసన తేడా లేదు. ఆ సీసా పక్కన పెట్టేసి ఫిల్టరు మార్చాను, ప్లగ్గులు మార్చాను, బంకు పెట్రోలు పోశాను. ఇంజను మళ్ళీ అలాగే వణికింది.

అప్పుడు స్కానరు తగిలించాను. మొదటిరోజే చెయ్యాల్సిన పని. ఇంజనుకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని చూపించింది. నిలిపి ఉంచినప్పుడే ఆ తేడా. యాక్సిలరేటరు తొక్కితే సర్దుకుంటోంది. తప్పు పెట్రోలుదైతే తొక్కినా పోదు. అంటే ఎక్కడో కన్నం ఉంది, దొంగగాలి లోపలికి పోతోంది. కన్నం ఉన్నచోట స్ప్రే లోపలికి పీల్చుకుంటుందని, డబ్బా తీసుకుని ఒక్కొక్క పైపు మీదా కొట్టుకుంటూ వెళ్ళాను. ఇంజను వెనకాల ఉన్న రబ్బరు పైపు దగ్గర శబ్దం ఒక్కసారిగా మారింది. చెయ్యి పెట్టి చూస్తే నల్ల టేపు తగిలింది.

ఆ టేపు నాదే. రెండు నెలల కిందట సర్వీసింగులో ఆ పైపు నా చేతిలోనే చిట్లింది. కొత్తది విశాఖ నుంచి తెప్పిద్దామని టేపు చుట్టాను. మాస్టారికి చెప్పలేదు. తెప్పించడమూ మర్చిపోయాను. ఇంజను వేడికి టేపు జిగురు కరిగి ఊడింది.

కొత్త పైపు తెప్పించి వేయగానే ఇంజను చక్కగా నడిచింది. మాస్టారు మురిసిపోయారు.

"పాడు పెట్రోలంతా కడిగేశావన్నమాట!"

"అవును మేస్టారూ," అన్నాను.

కల్తీ అని నోరు జారడం తొందరపాటు. ఈ అవును మాత్రం తొందరపాటు కాదు. తెలిసి తెలిసి అన్నాను. ఆ తర్వాత మూడు రోజులు ఏ బండి ముట్టుకున్నా చేతులు ఆడలేదు. నాలుగో రోజు బైకు తీసి ఆ ఊరెళ్ళాను.

పోలారావు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రా బావా. నువ్వు సెప్పబట్టి తెలిసింది. కల్తీ అని నానెరగను. ఉన్నదంతా ఇసకలో పారబోసీసినాను. కామాక్షమ్మ గారి పేణం మీదకి తెచ్చీసినానని మేస్టారి కాళ్ళట్టుకున్నాను."

తన కళ్ళతో చూసిన సరుకు కంటే నా మాటనే నమ్మాడు. టేపు సంగతి మొత్తం చెప్పాను. అంతా విని లోపల్నుంచి అతని భార్య రత్నాలమ్మ వచ్చింది.

"ఈపాలి నిజం వాట్సాప్‌లో పెడతానమ్మా," అన్నాను.

"పోన్లో కాదు బావూ. పెట్రోలు కొన్నోళ్ళ గడప గడపా ఎక్కి దండమెట్టొచ్చినాడు మా ఆయన. ఆ గడపలన్నీ నువ్వూ ఎక్కాల."

"వద్దే, బావ మాటకి ఇలువ పోతాది," అన్నాడు పోలారావు.

"పద," అన్నాను.

మొదటి గడప మాస్టారిదే. కామాక్షమ్మ గారు అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి కూర్చున్నారు. చేతికి ఇంకా పట్టీ ఉంది. పోలారావుని చూసి, "మళ్ళీ ఎందుకొచ్చావయ్యా, పోనీలే అన్నాం కదా," అన్నారు నీరసంగా. అతను తల వంచేశాడు. దండం పెట్టడానికి చేతులు వాటంతటవే దగ్గరకొచ్చేస్తున్నాయి.

ఆ చేతులు పట్టుకుని కిందకి దింపాను.

"పెట్రోలు మంచిదేనమ్మా. పైపు సిట్లగొట్టింది నాను. దాసిపెట్టిందీ నానే."

మాస్టారు నావైపు చూసి ముఖం తిప్పుకున్నారు. ఇంకా ఇరవై రెండు ఇళ్ళున్నాయి.